సెక్షన్ 114 దగ్గర పసుపు జాకెట్

బాస్కెట్‌బాల్ నాకు ఇప్పటికీ సగమే తెలుసు. ఒక సీజన్ పొడుగునా మా యూనివర్సిటీ అరీనాలోనే, అంటే ఇండోర్ స్టేడియంలోనే ఉన్నాను గానీ, ఆటకు వీపు పెట్టి నిలబడ్డాను. మా పనే అది. కోర్టు వైపు చూడకూడదు, జనం వైపు చూడాలి. ఎవరు తాగి తూలుతున్నారు, ఎవరి పిల్లాడు మెట్ల మీద పరిగెడుతున్నాడు, ఎవరు తమది కాని సీట్లో దర్జాగా కూర్చున్నారు. బంతి బుట్టలో పడిందో లేదో జనం మొహాలు చూసి తెలుసుకునేవాణ్ని. మా టీమ్ గెలిచిన మ్యాచ్‌లు నాకు మొహాలుగానే గుర్తున్నాయి.

2019 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లాను. ఎఫ్-1 వీసా మీద వెళ్లినవాళ్లందరికీ తెలిసిన సంగతే, క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపలే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేసుకోవచ్చు. సెలవుల్లో అయితే ఫుల్‌టైమ్ చేయొచ్చు. బయట పని చేస్తే వీసాకే ఎసరు. అందుకని ఉన్న నాలుగు ఉద్యోగాల కోసం మనవాళ్లందరం ఎగబడేవాళ్లం. లైబ్రరీలో కూర్చుని పని చేసే ఉద్యోగం దొరికితే అదృష్టవంతుడి కింద లెక్క. డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే పని రెండోది. నేను వెళ్లేసరికి రెండూ నిండిపోయాయి. "అరీనాలో అడుగు రా, ఊరికే నిలబడితే డబ్బులిస్తారు" అన్నాడు మా సీనియర్ అన్న. ఆ నిలబడటం ఏమిటో ఆయనకు తెలియదు. ఆయన లైబ్రరీ.

గంటకు 9 డాలర్లు. పసుపు జాకెట్ ఇచ్చారు, సీజన్ అయిపోయాక తిరిగి ఇచ్చేయాలని సంతకం పెట్టించుకుని మరీ.

ఏడు గంటల మ్యాచ్ అంటే మేం నాలుగున్నరకే కార్డు స్వైప్ చేసి లోపలుండాలి. నేల కింద అంతస్తులో పొడుగాటి టేబుల్ దగ్గర సూపర్‌వైజర్ ఆ రోజు ఎవరు ఏ గేటు, ఏ సెక్షన్ అని చదివేవాడు. గేట్లు తెరిచే ముందు వచ్చే ఆ పది నిమిషాలు నాకు చాలా ఇష్టం. పదివేల సీట్లు ఖాళీగా ఉంటాయి. నేలను తుడిచి తుడిచి అద్దంలా మెరిపిస్తారు. సౌండ్ వాళ్లు మైకు టెస్ట్ చేస్తుంటారు. ఎక్కడో పాప్‌కార్న్ మిషన్ పటపటమంటూ మొదలవుతుంది. ఆ వాసన పై అంతస్తుల దాకా మెల్లగా పాకుతుంది. తర్వాత తలుపులు తీస్తారు, ఇక మాట వినపడదు.

గేటు తెరిచినప్పటి నుంచి ఆట మొదలయ్యే వరకు నాకు స్టూడెంట్ గేటు. అక్కడ లెక్కకు చేతిలో ఒక క్లిక్కర్ ఇచ్చేవాళ్లు, మనిషి లోపలికి వెళ్లినప్పుడల్లా బొటనవేలితో నొక్కాలి. టిక్, టిక్, టిక్. రాత్రి పడుకున్నా బొటనవేలు కదులుతూనే ఉండేది. ఆట మొదలయ్యాక సెక్షన్ 114 మెట్ల దగ్గరికి మారేవాణ్ని. అక్కడ నాతో పాటు ఒక పెద్దావిడ ఉండేది. స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. అది ఆవిడకు ఇరవై రెండో సీజన్. మోకాళ్ల నొప్పులు. అయినా మెట్లు దిగి పై నుంచి కింద దాకా ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని సీట్లో కూర్చోబెట్టి వచ్చేది. సీజన్ టికెట్ ఉన్న వాళ్ల పేర్లన్నీ ఆవిడకు నోటికి వచ్చు. ఎవరికి మనవడు పుట్టాడు, ఎవరి భర్త పోయాడు, అన్నీ. నా పేరు మాత్రం రెండు అక్షరాలకు కుదించేసింది. నేనేమీ అనలేదు. డిసెంబర్‌లో నా చేతికి గ్లవ్స్ లేకపోవడం చూసి తన కొడుకు పాతవి తెచ్చిచ్చింది.

బయటివాళ్లకు అందరం ఒకటే అనిపిస్తాం గానీ లోపల మేం చాలా రకాలు. మా లాంటి స్టూడెంట్లు యూనివర్సిటీ లెక్కలో. తినుబండారాల కౌంటర్ల వాళ్లు వేరే కాంట్రాక్టు కంపెనీ మనుషులు. కొన్ని కౌంటర్లలో అయితే జీతమే లేదు, తమ సంఘానికో చర్చికో వచ్చే కమీషన్ కోసం వాలంటీర్లు నిలబడేవాళ్లు. సెక్యూరిటీ వాళ్లది ఇంకో కంపెనీ. బాస్కెట్‌బాల్ కోర్టును ముక్కలుగా విప్పి, మళ్లీ పరిచే వాళ్లు అర్ధరాత్రి వచ్చేవాళ్లు, వాళ్లు ఎవరి మనుషులో నాకు చివరిదాకా తెలియలేదు. ఒకే కప్పు కింద ఇన్ని యాజమాన్యాలున్నాయని ఆ రోజుల్లో పట్టించుకోలేదు. పట్టించుకునే రోజు తర్వాత వచ్చింది.

జనవరి, ఫిబ్రవరి మా పండగ నెలలు. అబ్బాయిల మ్యాచ్‌లు, అమ్మాయిల మ్యాచ్‌లు కలిసి వారానికి మూడు నాలుగు షిఫ్టులు పడేవి. ఫోన్లో ఒక యాప్ ఉండేది. షిఫ్ట్ మనకు ఖాయమైతే ఆ గడి ఆకుపచ్చగా మారేది. క్లాసులో ప్రొఫెసర్ ఏదో చెబుతుంటే నేను కింద ఆకుపచ్చ గడులు లెక్కపెట్టుకుని తొమ్మిదితో గుణించుకునేవాణ్ని. నలుగురం ఉండే అపార్ట్‌మెంట్‌లో నా వాటా అద్దె 310 డాలర్లు. ఎడ్యుకేషన్ లోన్ ఫీజుకు సరిపోయింది, తిండీ అద్దే నేనే చూసుకుంటానని నాన్నకు ఎయిర్‌పోర్టులో గొప్పగా చెప్పి వచ్చాను.

మార్చి మధ్యలో మాకు స్ప్రింగ్ బ్రేక్. అదే వారంలో మా అరీనాలో రాష్ట్ర హైస్కూల్ బాస్కెట్‌బాల్ పోటీలు. గురువారం నుంచి శనివారం దాకా, రోజుకు పన్నెండు గంటల డ్యూటీ. సెలవులు కాబట్టి 20 గంటల లెక్క అడ్డు రాదు. 36 గంటలు, 324 డాలర్లు. ఒక నెల అద్దె పోను పద్నాలుగు డాలర్లు మిగులు. నవంబర్ నుంచీ ఆ మూడు గడులే నా ధైర్యం.

మార్చి 7, శనివారం. ఇంటి మైదానంలో ఆఖరి మ్యాచ్, సీనియర్ నైట్. ఆ ఏడాది చదువు ముగించే ఆటగాళ్లను తల్లిదండ్రులతో పాటు కోర్టు మధ్యలోకి పిలుస్తారు, పూలిస్తారు, అమ్మలు ఏడుస్తారు. గేట్ల దగ్గర కొత్తగా శానిటైజర్ సీసాలు పెట్టారు. అందరూ దాన్ని ఒక తమాషాగా చూస్తూ, మోచేతులు తాకించుకుని నవ్వుకుంటూ లోపలికి వెళ్లారు. ఆ రాత్రి మా పెద్దావిడ వెళ్తూ వెళ్తూ, "గురువారం కలుద్దాం, మంచి బూట్లు వేసుకురా, పన్నెండు గంటలు నిలబడాలి" అంది.

గురువారం రాలేదు. అంటే క్యాలెండర్‌లో వచ్చింది.

దానికి ముందు రోజు, మార్చి 11, బుధవారం. ఆ మధ్యాహ్నమే కాలేజీ బాస్కెట్‌బాల్ పెద్ద టోర్నీ, మార్చ్ మ్యాడ్‌నెస్, ప్రేక్షకులు లేకుండా ఆడతారని కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ ప్రకటించింది. ప్రేక్షకులు లేకపోతే మేమెందుకు అన్న ఆలోచన అప్పుడు మొదటిసారి కడుపులో తిప్పింది. రాత్రి వంట చేస్తూ టీవీ పెట్టుకున్నాం. ఓక్లహోమా సిటీలో యూటా జాజ్ జట్టు మ్యాచ్ మొదలవ్వాల్సిన నిమిషంలో ఆగిపోయింది. ఆ జట్టు ఆటగాడు రూడీ గోబేర్‌కు కోవిడ్ పాజిటివ్ వచ్చింది. కాసేపటికి ఎన్‌బీఏ, అంటే అక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్, సీజన్ మొత్తాన్నే ఆపేసింది. మా వాళ్లంతా ఆటగాళ్ల గురించి మాట్లాడుతున్నారు. నేను మాత్రం ఆ హాల్లో మెట్ల పక్కన నిలబడ్డ మాలాంటి వాళ్ల కోసం చూస్తున్నాను. వేలమందిని బయటికి పంపాలి, ఏమైందని అడిగితే చెప్పడానికి వాళ్లకూ ఏమీ తెలియదు. అందరూ వెళ్లాక సీట్ల కింద వెతికి, తలుపులు మూసి, కార్డు స్వైప్ చేసుకుని ఇంటికెళ్తారు. ఎప్పటికి మళ్లీ వస్తారో?

మర్నాడు మధ్యాహ్నం న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక మ్యాచ్‌ను సగం ఆట అయ్యాక ఆపేశారు. సాయంత్రానికి మార్చ్ మ్యాడ్‌నెస్ పూర్తిగా రద్దు. 1939లో మొదలైన పోటీ, రెండో ప్రపంచ యుద్ధంలో కూడా ఆగలేదు. మా హైస్కూల్ పోటీలు ఆ ఊపులోనే పోయాయి. యాప్ తెరిచి చూశాను. మూడు ఆకుపచ్చ గడులు బూడిద రంగులోకి మారాయి. మళ్లీ తెరిచేసరికి గడులే లేవు. ఏప్రిల్ ఖాళీ. మే నెలలో స్నాతకోత్సవం షిఫ్టులు రెండు ఉండాలి, అవీ పోయాయి. వేసవి క్రీడా శిబిరాలూ పోయాయి.

ఒక మెయిల్ వచ్చింది. కార్యక్రమాలు వాయిదా పడ్డాయి, వివరాలు త్వరలో తెలియజేస్తాం, ఆరోగ్యం జాగ్రత్త. అంతే.

నన్ను ఎవరూ తీసేయలేదు. ఇది నాకు అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు. తీసేస్తే ఒక కాగితం ఉంటుంది, తీసేసినవాడు ఒకడుంటాడు, వాణ్ని తిట్టుకోవచ్చు. మా దగ్గర అలాంటిదేమీ జరగలేదు. రికార్డుల్లో నేను ఇంకా ఉద్యోగినే. గంటలే లేవు. ఇన్ని గంటలిస్తామని ఏ కాగితంలోనూ లేదు కాబట్టి, ఎవరూ ఏ మాటా తప్పలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక రెండు రోజులు రూమ్మేట్ల మీద విసుక్కున్నాను.

లైబ్రరీ అన్న ఇంటి నుంచే పని మొదలుపెట్టాడు. ల్యాప్‌టాప్ తీసి ఏవో కేటలాగులు సరిచేస్తే గంటలు పడేవి. గేటు దగ్గర నిలబడే పనిని ఇంటి నుంచి ఎలా చేస్తాం? "మన హాల్లో నిలబడు, మేం అటూ ఇటూ తిరుగుతాం, క్లిక్కర్ నొక్కు" అని మా వాళ్లు ఆటపట్టించారు. నేనూ నవ్వాను.

ఆ వారం వార్తల్లో మా లాంటి వాళ్ల గురించి మాట్లాడటం నాకు వింతగా ఉండేది. ఎన్‌బీఏ ఆగిన రాత్రే డాలస్ జట్టు అప్పటి యజమాని మార్క్ క్యూబన్, అరీనాలో గంటల లెక్కన పనిచేసే వాళ్లకు సాయం చేస్తానన్నాడు. క్లీవ్‌లాండ్ ఆటగాడు కెవిన్ లవ్ లక్ష డాలర్లు ప్రకటించాడు. న్యూ ఆర్లీన్స్‌ ఆటగాడు జయాన్ విలియమ్సన్ తమ అరీనా సిబ్బందికి 30 రోజుల జీతం తాను ఇస్తానన్నాడు. అతనికప్పుడు పంతొమ్మిదేళ్లు, నాకంటే నాలుగేళ్లు చిన్న. బేస్‌బాల్ జట్లు ముప్పై, ఒక్కోటి పది లక్షల డాలర్లు పక్కన పెట్టాయి. చదువుతుంటే కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు. కాసేపటికి లెక్క మొదలైంది. ఇవన్నీ ప్రొఫెషనల్ జట్లు. మా కాలేజీ ఆటగాళ్లకే అప్పటికి జీతాల్లేవు, తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలు వాళ్లకు 2021 జులైలో గానీ రాలేదు. వాళ్లు మాకేం ఇస్తారు పాపం.

ఎవరికి ఏం వచ్చిందో చెప్పాలంటే, అందరికీ వేర్వేరుగా వచ్చింది. పాప్‌కార్న్ కౌంటర్ ఆవిడకు కాంట్రాక్టు కంపెనీ లేఆఫ్ కాగితం ఇచ్చింది. ఆ కాగితంతో నిరుద్యోగ భృతి, దాని మీద కోవిడ్ సాయానికి తెచ్చిన కేర్స్ చట్టం కింద వారానికి అదనంగా 600 డాలర్లు, జులై చివరిదాకా. పనిచేసినప్పటి కంటే ఎక్కువే వస్తోందని ఆవిడే చెప్పింది, అదేదో తప్పు చేసినట్టు గొంతు తగ్గించి. నాకు అసూయ కలిగింది. ఆవిడకు ముగ్గురు పిల్లలని గుర్తొచ్చి సిగ్గేసింది. ఫెడరల్ వర్క్ స్టడీ అనే ప్రభుత్వ పథకం కింద మాతో నిలబడ్డ అమెరికన్ పిల్లలకు మా దగ్గర సెమిస్టర్ అయ్యేదాకా డబ్బులు పడ్డాయి. అది మా లాంటి విదేశీ విద్యార్థులకు వర్తించదు. భృతి మాకు రాదు. కేర్స్ చట్టంలో కాలేజీ విద్యార్థులకు ఇచ్చిన అత్యవసర గ్రాంట్లు కూడా అప్పట్లో మాకు ఇవ్వకూడదన్నారు. ఒకే మెట్ల దగ్గర, ఒకే జాకెట్ వేసుకుని నిలబడ్డవాళ్లం.

మా రూమ్మేట్ ఒకడికి మాత్రం కోవిడ్ సాయం కింద 1200 డాలర్ల ప్రభుత్వ చెక్కు పోస్టులో వచ్చింది. ఇల్లంతా పండగ. వాడు పన్ను కట్టేటప్పుడు మనలాంటి విదేశీయులు వేయాల్సిన 1040 ఎన్ఆర్ ఫారం బదులు అక్కడివాళ్లు వేసే 1040 వేశాడు. అందుకే వచ్చింది. అది మాకు చెందదని, వెనక్కి పంపాలని తెలిశాక చెక్కును రెండు రోజులు ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి ఉంచాం, చూసుకోవడానికి. మూడో రోజు వాడు దాని వెనక "వాయిడ్" అని రాసి కవర్లో పెట్టాడు. ఆ పోస్టల్ స్టాంపు డబ్బులు కూడా దండగే అన్నాడు.

డబ్బు ఇబ్బంది ఉన్న విద్యార్థులు బయట పని చేసుకోవడానికి అనుమతి అడిగే దారి ఒకటుంది, ఒక విద్యా సంవత్సరం పూర్తయితే. వెళ్లి కనుక్కున్నాను. అప్పట్లో దరఖాస్తు రుసుము 410 డాలర్లు, పైగా జవాబు రావడానికి నెలలు. నా దగ్గర డబ్బు లేదని నిరూపించుకోవడానికి 410 డాలర్లు కట్టాలన్నమాట. ఆ ఫారం డౌన్‌లోడ్ చేసుకుని చాలా కాలం డెస్క్‌టాప్ మీద ఉంచుకున్నాను. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి పూట క్యాష్‌కి పని ఉందని కూడా ఒకాయన చెప్పాడు. వెళ్లలేదు. మంచితనం వల్లేం కాదు, భయం. తెల్లారితే ఎవరు చూస్తారోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు, ఇంకా వెళ్లకుండానే.

ఇండియాలో లాక్‌డౌన్ మొదలైంది. విమానాలు ఆగాయి. నాన్న రోజూ ఫోన్ చేసేవాడు. "పని ఉందా నాన్నా?" అని అడిగేవాడు. "ఉంది నాన్నా, ఆన్‌లైన్‌లో చేస్తున్నాం" అనేవాణ్ని. స్టేడియం పని ఆన్‌లైన్‌లో ఏమిట్రా అని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన షాపు మూసి ఉంది. ఆ సంగతి ఆయనా నాకు చెప్పలేదు, తర్వాత తెలిసింది. ఉచితంగా సరుకులిచ్చే క్యాంపస్ ఫుడ్ పాంట్రీ ముందు వారానికోసారి లైన్లో నిలబడేవాణ్ని. నిలబడటం అలవాటైన పనే. లైన్లో ఆరడుగుల దూరం పాటించండి అంటూ అరుస్తున్న వాలంటీర్ కుర్రాడు లైన్‌ను తప్పుగా తిప్పుతున్నాడు, రెండో తలుపు దగ్గర గుంపు అవుతోంది. నోరూరుకోక చెప్పాను. ఇటు నుంచి పంపితే సరిపోతుందని. సరిచేశాడు. ఆ రోజు బీన్స్ డబ్బాలతో ఇంటికి నడుస్తుంటే, మూడు నెలల్లో నాకు వచ్చిన పని అదొక్కటే కదా అనిపించింది.

వేసవి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లైబ్రరీ అన్న దగ్గర అప్పు చేశాను. జులై 6న, క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే మా లాంటివాళ్లు దేశం వదలాలని ప్రభుత్వం నుంచి ఒక ఆర్డర్ వచ్చింది. హార్వర్డ్, ఎమ్ఐటీ కోర్టుకు వెళ్లాయి, 14న వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులు అద్దె గురించి దిగులు పడటం మరిచిపోయాను, అదొక లాభం.

ఆగస్టులో పెద్దావిడకు ఫోన్ చేశాను. నంబర్ ఎప్పుడో గ్లవ్స్ తెచ్చిన రోజు ఇచ్చింది. మోకాలి ఆపరేషన్ చేయించుకుందామనుకుంది, ఆస్పత్రుల్లో అప్పుడు అలాంటివన్నీ వాయిదా వేశారు. డబ్బు ఇబ్బంది లేదా అని అడగడానికి నాకు మొహమాటం. పింఛన్‌తో నడుస్తోందని తనే చెప్పింది. మరి ఈ వయసులో ఆ ఉద్యోగం ఎందుకని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. సెక్షన్ 114లో మూడో వరుసలో చివర కూర్చునే ముసలాయన ఏప్రిల్‌లో పోయాడని చెప్పింది. కోవిడ్. పక్కన చేతికర్ర ఆనించుకోవడానికి వీలుగా ఆయనకు ఇరవై ఏళ్లుగా అదే సీటు ఉంచేవాళ్లట. "ఇప్పుడా సీటు ఎవరికిస్తారో, నన్నడిగితే బాగుండు" అంది. ఆవిడ మళ్లీ పనిలోకి రాలేదు.

కాలేజీ బాస్కెట్‌బాల్ ఆ ఏడాది ఆలస్యంగా, నవంబర్ 25న మొదలైంది. మా అరీనాలోకి ఆటగాళ్ల కుటుంబాలకు మాత్రమే ప్రవేశం. సీజన్ మొత్తానికి నాకు మూడు షిఫ్టులు పడ్డాయి. మొదటి షిఫ్ట్‌కు పసుపు జాకెట్ తొడుక్కుని లోపలికి వెళ్లేసరికి సీట్ల నిండా మనుషులు! ఒక్క క్షణం గుండె ఆగింది. దగ్గరికెళ్తే అట్ట బొమ్మలు. డబ్బు కట్టి ఫొటో పంపితే మన మొహాన్ని అట్ట మీద ముద్రించి సీటుకు తగిలించేవాళ్లు. సెక్షన్ 114 అంతా నాకు తెలిసిన మొహాలే, ఒకాయనైతే తన కుక్కను కూడా పెట్టించాడు. స్పీకర్లలోంచి రికార్డు చేసిన కేకలు. బంతి బుట్టలో పడితే కేకలు పెరుగుతాయి గానీ మొహాలు మారవు. మూడో వరుస చివర చూశాను. ముసలాయన అట్ట మీద నవ్వుతున్నాడు. ఇంట్లోవాళ్లు పెట్టించి ఉంటారు.

ఆ రాత్రి మొదటిసారి ఆట వైపు తిరిగి నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. నాకు రూల్స్ తెలియక ఎక్కువ అర్థం కాలేదు.

జాకెట్ లోపలి జేబులో చెయ్యి పెడితే క్లిక్కర్ తగిలింది. మార్చి 7న ఇచ్చేయడం మరిచిపోయానన్నమాట. 743 దగ్గర ఆగి ఉంది. లెక్కపెట్టడానికి జనం లేరు కాబట్టి మళ్లీ జేబులో పెట్టేశాను.

2021 మేలో చదువు అయిపోయింది. ఉద్యోగం వచ్చింది, ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మార్కుల పత్రం, కావాలి. చూస్తే అకౌంట్ మీద హోల్డ్. జాకెట్ తిరిగి ఇవ్వనందుకు 45 డాలర్లు. సీజన్ అయిపోయిందని నాకెవరూ చెప్పనే లేదు, ఎప్పుడు ఇవ్వాలి? వాదించలేదు. ఉతికి, మడతపెట్టి తీసుకెళ్లాను. నేల కింద అంతస్తులో ఆ పొడుగాటి టేబుల్ దగ్గర కొత్త కుర్రాడెవరో ఉన్నాడు. జాకెట్ నంబర్ చూసుకుని టిక్కు పెట్టుకున్నాడు. క్లిక్కర్ కూడా ఇచ్చాను. వాడు దాని వైపు చూడకుండానే పక్కనున్న మరను తిప్పి, సున్నా చేసి, డబ్బాలో పడేశాడు.